తిరిగిరాని ఎగ్జిట్ ఫ్లైట్

"ఈసారి నీకు తుపాకీ ఉండదు. ఉద్యోగం లేని మొహం ఒకటి ఉంటే చాలు," అన్నాడు కమాండర్ బాల్తజార్.

దుబాయ్‌లోని డేరా పేటలో, మనీలాకు పెట్టెలు పంపే కార్గో దుకాణం వెనక గది అది. ముందు ఎవరో ఆడమనిషి పెట్టెలో సబ్బులూ చాక్లెట్లూ కుక్కుతోంది. ఏజెంట్ డాంటే డుమ్లావ్ తలుపు దగ్గరగా వేశాడు.

"టార్గెట్?"

"విక్టర్. విజిట్ వీసా మీద వచ్చి పని కోసం తిరిగే మన ఫిలిప్పీన్స్ వాళ్ళే వాడి మేత. కంపెనీయే స్పాన్సర్ చేసి వర్క్ పర్మిట్ ఇస్తుందంటాడు. అది అమల్లోకి రావాలంటే ఒకసారి దేశం దాటి రావాలని ఫ్లైట్ ఎక్కిస్తాడు. ఎక్కినవాళ్ళు మళ్ళీ రావట్లేదు."

"ఎక్కడ తేలుతున్నారు?"

"ఇంకో దేశపు సరిహద్దు అడవిలో, ఒక కాంపౌండ్‌లో. ఆన్‌లైన్ మోసాలు చేయిస్తారు. చెయ్యనంటే కరెంటు షాక్."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"బియాట్రిస్. వాడి హెచ్చార్ మేనేజర్. రెండు వైపులా పనిచేస్తోంది. మనవైపే నిజమని నా ఆశ. ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ గేటు దగ్గర 'సినిగాంగ్ చారుకి పులుపు సరిపోయిందా?' అనడుగు. పాస్‌పోర్టులతో విక్టర్ స్వయంగా వస్తే 'చింతకాయ పండింది' అంటుంది. ఇక్కడి పోలీసులు అప్పుడే కదులుతారు. 'పచ్చిదే' అందంటే ఆపరేషన్ రద్దు. నీ చొక్కా గుండీలో మీటుంది, అది నొక్కితే వాళ్ళకు సంకేతం అందుతుంది."

ఏసీ మెకానిక్ వేషంలో డాంటే ఒక బెడ్‌స్పేస్‌లో, మంచానికింత అని అద్దె కట్టే ఫ్లాట్‌లో దిగాడు. ఆ ఫ్లాట్ వంటింట్లోనే క్రిసాంత పరిచయమైంది. సొంతూరు ఇలోయిలోలో నర్సింగ్ అసిస్టెంట్. ఇక్కడ రోజూ క్లినిక్‌ల చుట్టూ తిరుగుతుంది. "విజిట్ వీసానా? ఫోన్ చేస్తాం," అంటారు. ఎవరూ చెయ్యరు. వీసా గడువు దాటేసింది. చివరికి డాంటేతో పాటు విక్టర్ కంపెనీకి దరఖాస్తు పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"అన్నా! మనిద్దరికీ పర్మిట్ వచ్చేసింది! బియాట్రిస్ మేడమ్ ఇప్పుడే చెప్పింది!"

ఆ సంతోషంలో పాన్సిత్ నూడుల్స్ వండి గది గదికీ పంచింది. "తినన్నా, ఏంటలా బిక్కమొహం వేశావ్? ఉద్యోగం వచ్చిందా, పోయిందా?" అని ఆట పట్టించింది. నిజం చెబితే విక్టర్ జారిపోతాడు. డాంటే తల వంచుకుని తిన్నాడు.

ఎయిర్‌పోర్టులో విక్టర్ వచ్చాడు. లేతరంగు సూటు, చంకలో పాస్‌పోర్టుల సంచి. పక్కనే బియాట్రిస్: ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు, అందరూ తిరిగి చూసే నడక.

డాంటే ఆమెను సమీపించాడు. "మేడమ్, సినిగాంగ్ చారుకి పులుపు సరిపోయిందా?"

"పచ్చిదే," అందామె.

పది అడుగుల దూరంలో విక్టర్ కనిపిస్తూనే ఉన్నాడు!

"పిచ్చెక్కిందా నీకు?"

"మా తమ్ముడు నోయెల్ ఆ కాంపౌండ్‌లోనే ఉన్నాడు." ఆమె పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి. "వీళ్ళు అక్కడికి చేరితే వాణ్ణి వదిలేస్తానన్నాడు విక్టర్. ఈ ఒక్కసారికి వదిలెయ్యి డాంటే. నీ కాళ్ళు పట్టుకుంటా."

బోర్డింగ్ మొదలైంది. వరుస ముందుకు జరుగుతోంది. అంతలో క్రిసాంత వరుస వదిలి పరిగెత్తుకొచ్చి, బియాట్రిస్ చేతిలో ఎండు మామిడి పొట్లం పెట్టింది.

"మా ఊరివి మేడమ్. మీ మేలు మర్చిపోను. తిరిగొచ్చాక మా ఇంటికి భోజనానికి రావాలి, సరేనా?"

క్రిసాంత తిరిగి వరుసలోకి వెళ్ళి బోర్డింగ్ పాస్ చూపింది. ఉద్యోగి చెయ్యి దాన్నందుకుంది.

బియాట్రిస్ కళ్ళద్దాలు తీసేసింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"పండింది," అంది. "చింతకాయ పండింది."

డాంటే గుండీ నొక్కాడు. టూరిస్టుల్లా కూర్చున్న నలుగురు ఒక్కసారిగా లేచారు. విక్టర్ చేతులకు బేడీలు పడ్డాయి. వాడు పెనుగులాడలేదు. బియాట్రిస్ వైపు చూసి నవ్వాడు.

"నా ఫోన్ వెళ్ళకపోతే అక్కడ ఏం చేస్తారో నీకు తెలుసుగా?"

ఆమె తమ్ముడి నంబరు నొక్కుతూనే ఉంది.

సాయంత్రానికి కమాండర్ ఫోన్ చేశాడు. కాంపౌండ్ ఖాళీ. మనుషుల్ని ఎక్కడికి తరలించారో తెలియదు. నోయెల్ జాడ లేదు.

పర్మిట్లన్నీ నకిలీవని తేల్చి, అందర్నీ మనీలా విమానం ఎక్కిస్తున్నారు. గేటు దగ్గర అతని సంకేతం కనిపెట్టిన క్రిసాంత, ఆ వరుసలో డాంటే వైపు తిరిగింది.

"నన్ను కాపాడమని నేనడిగానా?"

"అక్కడ కరెంటు షాకులిస్తారమ్మా."

"ఇంటికెళ్తే ఏమిస్తారన్నా?"

ఆమె ముందుకు వెళ్ళిపోయింది. వేషం బయటపడకూడదని డాంటేను కూడా వాళ్ళతోనే పంపిస్తున్నారు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ అతని పాస్‌పోర్టు తిరగేశాడు.

"విజిట్ మీద వచ్చావ్. పర్మిట్ లేకుండా ఇక్కడేమైనా పని చేశావా?"

ముందు నడుస్తున్న క్రిసాంత వీపు వైపు చూశాడు డాంటే.

"లేదు సార్. ఏ పనీ కాలేదు."