మూడు వేల పేర్లలో రెండు

1986, అబుదాబి.

లింబాద్రి చిన్న ఆపరేషన్‌కని హాస్పిటల్‌లో చేరాడు. రక్తం ఎక్కించిన గంటకే ప్రాణం పోయింది. ‘రియాక్షన్’ అని రాసి ఫైల్ మూసేశారు.

మూడోనాడు ఊరి శివారు బనియాస్‌లోని చాయ్ హోటల్‌కి ఆ హాస్పిటల్ కొత్త కంప్యూటర్ ఆపరేటర్ వచ్చాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు, నూనె కారే క్రాఫు. యజమాని కరీముల్లా గ్లాసు పెట్టాడు.

“అల్లం వెయ్యాల్నా?”

“యాలకులు చాలు.”

కోడ్ సరిపోయింది. ఆ వేషంలో ఉన్నది భారత గూఢచారి, ఏజెంట్ రాజేశ్వర్. కరీముల్లా అతని చీఫ్.

“లింబాద్రి, ఆశన్న ఉమ్ అల్ క్వైన్ రేవు గోడౌన్‌ల కూలీలు. మిషన్ పార్టులని రాసిన పెట్టెల్ల తుపాకులు చూసిన్రు. మన దేశానికి పంపే సరుకది. ఆ విదేశీ ముఠా బాస్ మొఖం చూసింది ఈళ్లిద్దరే. ఒకడు ఖలాస్. నిన్న ఆశన్న మీద క్రేన్ హుక్కు పడ్డది. రేపు పొద్దుగాల పదింటికి అదే హాస్పిటల్‌ల ఆపరేషన్.”

“హాస్పిటల్‌లో మనవాళ్లు?”

“బ్లడ్ బ్యాంకుల పరిమళ. రెండేండ్ల సంది మనకు ఖబర్లు ఇస్తది.”

మర్నాడు తొమ్మిదింటికి రాజేశ్వర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూలీల బ్లడ్ గ్రూపులు, ఉద్యోగంలో చేరేనాటి చెకప్ నుంచీ, అందులోనే ఉన్నాయి. ఆపరేషన్‌కి ఏ రక్తం పంపాలో చెప్పే చీటీ అక్కడే ప్రింటవుతుంది. బీరువాలో పోయిన నెల తీసిన బ్యాకప్ ఫ్లాపీ దొరికింది. పాత ఫైల్‌నీ కొత్త ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చే ప్రోగ్రాం ఇరవై లైన్లలో రాశాడు. బియ్యంలో రాళ్లేరే పని.

మూడు వేల పైచిలుకు పేర్లు. తేడా రెండింటిలోనే. లింబాద్రి, ఆశన్న. పాత ఫైల్‌లో ఇద్దరిదీ ఓ పాజిటివ్. కొత్తదాంట్లో బి పాజిటివ్. మార్చిన ఆపరేటర్ కోడ్ పరిమళది. రక్తం సరిపోతుందని సంతకం పెట్టేదీ ఆమే.

వెనక తలుపు గడియ పడింది.

“అంత లోపలికి చూస్తారనుకోలేదండీ.” పరిమళ నవ్వు ఎంత అందంగా ఉందో, చేతిలోని పిస్టల్ అంత చిన్నగా ఉంది.

“నిన్ను నమ్మాం.”

“అందుకేగా ఇంత తేలికైంది! కదలకండి. పదింటికి అంతా అయిపోద్ది.”

గోడ గడియారం తొమ్మిది యాభై రెండు. రాజేశ్వర్ వేలు ఒక్క మీటను నొక్కింది. ప్రింటర్ కీచుమంది. ఆమె కళ్లు అటు తిరిగాయి. కీబోర్డ్ ఆమె మణికట్టు మీద విరుచుకుపడింది. జారిన పిస్టల్‌ని అందుకుని, ఆ తేడాలు అచ్చయిన కాగితం చింపి, బయట గొళ్లెం పెట్టి పరుగెత్తాడు.

థియేటర్‌లో ఆశన్నకి మత్తిచ్చేశారు. ట్యూబులో ఎర్రటి గీత చేతి వైపు దిగుతోంది. సూదికి నాలుగంగుళాల దూరంలో రాజేశ్వర్ ట్యూబుని మడిచి పట్టుకున్నాడు.

“రాంగ్ బ్లడ్! ఇతనిది ఓ!”

కాగితం చదివిన సర్జన్ ముఖం పాలిపోయింది.

సాయంత్రం మెలకువ వచ్చిన ఆశన్న ముందు రాజేశ్వర్ అనుమానితుల ఫొటోలు పరిచాడు. ఆశన్న వేలితో ఒకటి చూపించాడు.

“గీడే సారూ. మా లింబాద్రికి గూడ చూపెట్టిన్రా? వాడు ఇంకా మంచిగ గుర్తువడతడు.”

అతనికింకా ఎవరూ చెప్పలేదు. రాజేశ్వర్ ఫొటోలు ఏరుకుని, ఆశన్న కాళ్ల మీద దుప్పటి సర్ది బయటికి వచ్చాడు.

చీకటి పడేలోపు ముఠా బాస్ ఓడరేవులో దొరికాడు. మర్నాడు హాస్పిటల్ నుంచి కంప్యూటర్ ఆపరేటర్‌కి మెమో అందింది: కీబోర్డ్ విరగ్గొట్టినందుకు, బూట్లతో ఆపరేషన్ థియేటర్‌లోకి చొరబడినందుకు, ఉద్యోగం నుంచి తొలగించడమైనది.