తాడు కట్టిన మడి

పొద్దున్నే రఖమాబాయిని లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు ఆడవాళ్లు కావాలి. పెద్దకోడలు నర్మద భుజాల కింద చేతులు వేస్తే, చిన్నకోడలు శ్రద్ధ కాళ్లు పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. శ్రావణంలో నీళ్ల బిందెతో వాగొడ్డున జారిపడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమెకు మంచమే లోకం. కొడుకులిద్దరూ వేరుపడ్డా ఇళ్లు ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉన్నాయి. ఈ పనికి మాత్రం శ్రద్ధను ఎవరూ పిలవనక్కర్లేదు.

"మెల్లగ పట్టుండ్రే. నేనేమన్న సోయాబీన్ సంచినా?" అంది రఖమాబాయి.

"సంచి అయితే గింత మాట్లాడకపోవు అత్తా," అంది శ్రద్ధ. ముగ్గురూ నవ్వారు. శ్రద్ధ కూతురు, ఆరేళ్ల ప్రాచి, నాయినమ్మ తల దువ్వడానికి దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది.

వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. శ్రద్ధ భర్త ఉమేశ్, వెనకాల ఊరి పెద్ద మాణిక్ దిగారు. ఎద్దులకు గడ్డి వేస్తున్న నర్మద భర్త అంబదాస్ తమ్ముణ్ని చూసి చేతులు దులుపుకున్నాడు. వాళ్లెందుకొచ్చారో అతనికి తెలుసు. భార్యకు చెప్పే ధైర్యం చాలక ఊరుకున్నాడు.

మొన్న వ్యవసాయ శాఖ సాహెబ్ వచ్చి, నర్మద వాళ్ల చేనులో వాగు పక్కన నాలుగు మేకులు కొట్టి, తాడు కట్టి, ఫోటో తీసుకుపోయాడు. అట్లాంటి కొన్ని మడుల్లో సోయాబీన్ కోసి తూస్తారు. ఆ తూకాన్ని బట్టే రెవెన్యూ సర్కిల్‌లోని ఊళ్లన్నిటికీ పంట బీమా వచ్చేదీ రానిదీ తేలుతుంది. ఎవరి చేనులో కోయాలో, ఏ మూల కోయాలో సాహెబ్ చేతిలోని ఫోనే చెబుతుంది. ఈసారి అది చూపించిన మూలలోనే, కాయ పట్టే వేళ వానలు మొహం చాటేస్తే అత్తాకోడళ్లు బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్న చిన్న ముక్క ఉంది. మిగతా చేను ఊరందరి చేన్లలాగే మాడిపోయింది.

మాణిక్ గడప మీద కూర్చున్నాడు. "పక్క ఊర్లల్ల తూకాలు అయిపోయినయి నర్మదా. అన్నీ తక్కువనే. రేపు మీ మడి గుడ తక్కువ పడితే అందరికి బీమా అస్తది. ఎక్కువ పడ్డదంటే ఎవ్వలకు రాదు. గంతే."

"అయితే నన్నేం చెయ్యమంటవ్ కాకా?"

మాణిక్ ఉమేశ్ వైపు చూశాడు. ఉమేశ్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఎద్దుల మూతి చిక్కాలు ఇప్పి జర్రసేపు మడిల ఇడువు వదినె. పందులు పడ్డయని చెప్తం."

నర్మద చేతిలోని చెంబు కింద పెట్టింది. "గవి మీ అవ్వ తుంటి ఇరగ్గొట్టుకుని బతికిచ్చిన మొక్కలు ఉమేశ్. ఏ నోటితోని అంటున్నవ్?"

"మరేం జెయ్యమంటవ్? నా చేన్ల చెట్టుకు కాయ లేదు. బీమా రాకపోతే దీపావళి దాటంగనే ఊరిడిసి చెరుకు కొట్టవోవాలె. కూలోళ్లను తోలుకపొయ్యే ముకద్దం రోజు ఫోన్ చేస్తుండు. ప్రాచి బడి గుడ పాయె!"

"మన మిగిలిన చేను గుడ ఎండింది కదనే. మనకు గుడ అస్తది," అన్నాడు అంబదాస్ గొంతు తగ్గించి.

"అబద్ధమాడి తెచ్చుకుందమా?"

"అబద్ధమెక్కడిది?" అన్నాడు మాణిక్. "ఊరంత ఎండింది నిజం. నీ మడి ఒక్కటే అబద్ధం. హిమాయత్‌నగర్ తాలూకా మీటింగ్ల ఏం జెప్పిండ్రు? ఎండలు వానలు అదుపు తప్పినయి, రైతును ఆదుకోను దునియా మొత్తం పైసలు పెడుతున్నది అన్నరు. గన్ని దేశాలు దాటి అచ్చిన పైసలు నీ బిందెడు నీళ్ల కాడ ఆగినయి."

"సాహెబ్‌కే చెప్త. ఇవి మోసిన నీళ్లు, జర ఎండిన దిక్కు కొయ్యుండ్రి అని."

"చెప్పినం. గది రాసుకునే జాగ ఫోన్ల లేదట."

"అయితే లేదు. నేను ఎద్దుల తోల," అంది నర్మద. "నేను పెంచినయి నా చేతులతోని తొక్కియ్య."

"పిల్లలుంటే ఎరుకయితుండె నీకు, ఏది పెంచుడో!"

"ఉమేశ్!" అని అరిచాడు అంబదాస్, కాని అనకూడని మాట అప్పటికే బయటపడింది. గుమ్మంలో నిలబడ్డ శ్రద్ధ ప్రాచి రెక్క పట్టుకుని తన ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

సాయంత్రం అత్తను లేపే వేళకు శ్రద్ధ రాలేదు. నర్మద చాలాసేపు ఎదురు చూసి ఒక్కతే ప్రయత్నించింది. సగం లేచాక పట్టు జారింది. రఖమాబాయి పెట్టిన కేకకు అంబదాస్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఎట్లాగో పడుకోబెట్టాక, ముసలామె కొడుకుని బయటికి పొమ్మంది.

"వాడు గట్ల అనొద్దుండె," అంది కోడలి చేయి పట్టుకుని. "నువ్వద్దన్నా బిందె నేనే ఎత్తుకున్న. కండ్ల ముంగట ఎండుతుంటే కూసోబుద్ధి కాలె. గా పని అయిపోయింది బిడ్డా. ఇప్పుడు ఎద్దుల తోలు."

"అత్తా, నువ్వేనా గీ మాట అనేది?"

"నేను పడ్డది మడి కోసమా? ఇల్లు నిలవడాలెనని పడ్డ. పోరి చెరుకు తోటల పాలయితే, నేను ఎవ్వల మొఖం చూసుకుంట గీ మంచంల పండాలె?"

నర్మద అత్త మీద దుప్పటి కప్పింది. ఇన్నేళ్లలో తన చేతి మీద పెరిగి నిలిచినది ఆ ముక్క ఒక్కటే. ఆ మాట ఎవరితోనూ అనగలిగేది కాదు.

తెల్లవారుతుండగా ఆమే ఎద్దులను తోలుకుని వెళ్లింది. తాడు ఎత్తిపట్టి లోపలికి తోలి, చిక్కాలు ఊడదీసింది. పంటను ముట్టగూడదని నేర్చిన ఎద్దులు కదలకుండా ఆమె ముఖంకేసి చూశాయి. నర్మద గుప్పెడు కాయలు దూసి వాటి మూతికి అందించింది. రుచి తగిలాక అవి ఆగలేదు. గట్టు మీదికి ఉమేశ్ వచ్చాడు. చేతిలో కర్ర ఉంది, బహుశా అదే పనికి వచ్చినట్టున్నాడు. వదినను చూసి కర్ర కింద పడేసి, అక్కడే చతికిలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

సాహెబ్ వచ్చేసరికి ఊరంతా గట్టు మీద ఉంది.

"పందులు పడ్డయి సాహెబ్," అన్నాడు మాణిక్.

సాహెబ్ చిన్నవాడు. ఫోన్‌లో ఫోటో చూశాడు, మడి చూశాడు, మెత్తటి మట్టిలో దిగిన గిట్టలు చూశాడు. "పాడైన మడి లెక్కకు రాదు కాకా. దాని బదులు ఫోన్ ఇంకోటి తీస్తది," అని ఏదో నొక్కాడు. తెర మీద వచ్చిన పేరు చదివాడు. అది మాణిక్ పేరే. ఎండిన అతని చేన్లు కాదు, బోరు కింద ఉన్న ముక్క.

మాణిక్ తెర చూడటానికి ముందుకు వంగాడు. సాహెబ్ అప్పటికే నడుస్తున్నాడు. ఊరు మొత్తం అతని వెనక నడిచింది, పాడెను సాగనంపుతున్నట్టు. అక్కడే మేకులు కొట్టారు, కోశారు, నూర్చారు, తూచారు.

అంబదాస్ ఇంటికి వచ్చే నడక చూసే నర్మదకు తూకం ఎక్కువ పడ్డ సంగతి అర్థమైంది.

"కాక ఏమన్నడు?"

"ఏమంటడు? బోరేసుకున్నందుకు తలకాయ కొట్టుకున్నడు." అతను నవ్వబోయి నవ్వలేక, ఖాళీ చిక్కాలు ముందేసుకుని కూర్చున్నాడు. మడీ పోయింది, బీమా పోయింది.

ఆ సాయంత్రం శ్రద్ధ పిలవకుండానే వచ్చింది. అత్త కాళ్లు పట్టుకుంది. పని అయ్యాక నర్మద అంది. "పోవుడు తప్పకపోతే ప్రాచిని ఈడ ఇడిసిపెట్టు చెల్లే. బడికి నేను తోల్త."

శ్రద్ధ ముఖం మాడిపోయింది. "చేను పాయె, ఊరు పాయె. ఇగ బిడ్డను గుడ ఇయ్యాల్నా అక్కా?" అనేసి విసురుగా వెళ్లిపోయింది. నర్మద ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

దీపావళి వెళ్లాక, ఒక పొద్దున ముకద్దం లారీ ఊరి బయట ఆగింది. గిన్నెలు, బొంతలు, కోళ్ల గంప, వాటి మధ్య మనుషులు. ఉమేశ్ తల్లి కాళ్లకు మొక్కి నర్మద ముందు నిలబడ్డాడు.

"వదినె, గా మాట..."

"పో ఉమేశ్. లారీ పోతది," అంది నర్మద.

లారీ దాకా ఆమె మూట మోసుకుని వెళ్లింది. శ్రద్ధ కూతుర్ని ముందు పైకి ఎక్కించింది, తర్వాత తానూ ఎక్కింది. లోపల చంటిపిల్లలు అప్పుడే దుమ్ముకు దగ్గుతున్నారు. ఇంజను మోగింది. ఒక్కసారిగా శ్రద్ధ ప్రాచిని ఎత్తి, లారీ అంచు మీదుగా నర్మద చేతుల్లోకి దించింది. పిల్ల బిత్తరపోయి ఏడుపు లంకించుకుంది.

"కారం లేంది బువ్వ తినదక్కా," అంది శ్రద్ధ. "బడికి పోనని కడుపునొప్పి అంటది, నమ్మకు. తలకు నూనె పెడితే ఉరుకుతది, పట్టుకో."

"పట్టుకుంట," అంది నర్మద.

లారీ కదిలింది. శ్రద్ధ అంచు పట్టుకుని వంగి, చప్పుడుకు పైగా అరిచింది.

"నిద్రల లేస్తది అక్కా! అమ్మా అనుకుంట నిన్నే పట్టుకుంటది. అమ్మను కాదని చెప్పకు!"