నిద్ర పట్టేదాకా లచ్చి

"కదలకండి నూకరాజు గారూ, అయిపోవచ్చింది," అంది డాక్టర్ హైమవతి, తెర మీంచి చూపు తిప్పకుండా.

విశాఖలో ఈ మెషిన్ వచ్చాక దుఃఖం పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది లెండి. ఏ జ్ఞాపకం మనిషిని తినేస్తోందో, దాన్ని ఫైలు తీసేసినట్టు తీసేస్తుంది. నూకరాజు తీయించుకుంటున్నది జ్వరంతో పోయిన నాలుగేళ్ల కూతురు లచ్చిని.

"తీసేశాను."

"అదేంటి మేడమ్, నాకింకా గుర్తుందిగా!"

"ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫైలు డిస్క్ మీంచి తీసేసినా ప్రోగ్రామ్ వెంటనే ఆగదు. మెమరీలోకి ఎక్కిన కాపీ నడుస్తూనే ఉంటుంది. ఒకసారి ఆగిందా, మళ్లీ మొదలెట్టడానికి ఫైలుండదు. మీరు నిద్రపోయేదాకా పాప మీతోనే ఉంటుంది. లేచాక ఉండదు."

"మా ఆవిడకి మాత్రం చెప్పకండి. గౌరి ఈమధ్య కళ్లు తుడుచుకుని ఎంత ధైర్యంగా తిరుగుతోందో! నేనే పిరికివాణ్ణి."

హైమవతి ఏదో అనబోయి ఆగింది. ఒకరి కేసు ఇంకొకరికి చెప్పకూడదని నియమం పెట్టింది తనే మరి.

నూకరాజు ఇంటికెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. నా అన్నవాళ్లు వేరే లేరు వాళ్లకి. ఈ ఒక్క సాయంత్రం ఇద్దరూ కలిసి పాప గురించి చెప్పుకోవాలని అతని ఆశ. కుక్కర్ కూత వేస్తే చాలు, రైలొచ్చిందని లచ్చి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేది. అది చెబుతూ నవ్వబోయి ఏడ్చేశాడు.

గౌరి నవ్వింది. "భలే పిల్లండీ! ఎవరి పాప?"

నూకరాజు వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాడు.

"ఆవిడకీ తీసేశారా? తెలిసి తెలిసి నాకూ తీశారా? వెనక్కి పెట్టెయ్యండి మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"పెట్టడానికేం మిగల్లేదండీ." అంది హైమవతి. "నిద్రపోయేలోగా గుర్తున్నదంతా రాసి పెట్టుకోండి."

"రాసుకుని ఏం లాభం? పొద్దున్న చదివితే ఎవరి పిల్లో అనుకుంటాను. మీరు వినండి తల్లీ. ఎవరో ఒకరికి గుర్తుండాలి కదా!"

చెప్పడం మొదలెట్టాడు. ఆవలింతలొస్తే మొహం కడుక్కొచ్చి మళ్లీ చెప్పాడు. పాపకి దోసె అంచులంటేనే ఇష్టం. పిల్లిని "అమ్మగారూ" అని పిలిచేది. చివరికి మాట ముద్దైపోయి, అవతల గురక వినిపించింది.

ఆ మొగుడూపెళ్లాలిద్దరూ ఇప్పుడు హాయిగా ఉన్నారు. ఒక్కసారైనా చూడని పిల్ల కోసం హైమవతే ఒంటరిగా కూర్చుని ఏడుస్తోంది. మెషిన్ పక్క గదిలోనే ఉంది. తనూ తీయించుకుంటే లచ్చి ఇంకెక్కడా ఉండదు.