ఆరుగురికి సరిపడా చలవ

బయట నలభై తొమ్మిదిన్నర డిగ్రీలు. లోపల ఇరవై ఆరు!

2058 మే నెలలో, రెంటచింతలలో, మధ్యాహ్నం రెండు గంటలకు డాక్టర్ హైమవతి చేతిలోని మీటర్ చూపిస్తున్న అంకెలివి. ఆ ఇంట్లో పెద్ద ఏసీ లేదు. గోడకు టిఫిన్ క్యారియర్ అంత కూలింగ్ మెషీన్ ఒకటి బిగించారు, అంతే. వారం రోజులుగా బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపలి అంకె కదల్లేదు. నలభయ్యో పడిలో ఉన్న శాస్త్రవేత్త నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా చిన్నపిల్లలా గంతేసింది.

ఆ ఇల్లు ఇన్నయ్యది. ముప్పై ఏళ్లు నాపరాయి క్వారీలో రాళ్లు కొట్టిన మనిషి. రెండుసార్లు వడదెబ్బ తగిలి చావు తప్పింది. మూడోసారి తగిలితే బతకడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వేసవి వస్తోందంటే ఆయన భార్య ఆరోగ్యమ్మకు గుండెల్లో రాయి పడుతుంది. అందుకే హైమవతి తన ప్రయోగానికి ఈ కుటుంబాన్నే ఎంచుకుని ఈ ఇల్లు కట్టించింది.

"ఇంతకీ గోడల్లో ఏం పెట్టావు డాక్టరమ్మా?" అంది ఆరోగ్యమ్మ, గోడ మీద అరచెయ్యి ఆనించి.

"మీ మిల్లుల్లోని ఊక బూడిదే పిన్నిగారూ! దాంట్లోంచి సిలికా తీసి ఏరోజెల్ పలకలు చేశాం. పలకలో ముప్పాతిక మువ్వీసం గాలే. కంటికి కనపడనంత చిన్న గదుల్లో ఇరుక్కుపోయిన గాలి. అది కదలదు, వేడిని మొయ్యదు. గోడలకు నాలుగంగుళాలు, ఎండ నేరుగా పడే కప్పుకి ఎనిమిది, నేల కింద రెండు."

"నేలకెందుకు?"

"నేలలోంచి కూడా వేడి వస్తుంది. ఇల్లు కట్టేవాళ్లంతా మర్చిపోయేది దాన్నే."

"మరి ఆ డబ్బా ఏంది?"

"మనిషి ఒళ్లు వంద వాట్ల బల్బంత వేడినిస్తుంది. మీ ఇంట్లో ఆరుగురు. ఆ వేడిని బయటికి తోసి, గాలి మార్చడానికి అది చాలు."

ఇన్నయ్య నవ్వాడు. "మేం బల్బులమంట, విన్నావా?"

ఆదివారం కొత్తింట్లోకి చేరారు. ఫాదర్‌గారు ప్రార్థన చేసి ఇంటిని దీవించారు. ఇక్కడే మన శాస్త్రవేత్త లెక్క తప్పింది. దరఖాస్తులో "కుటుంబ సభ్యులు" అన్న గడిలో ఆరు అని ఉంటే ఆమె ఆరే నమ్మింది. పల్నాట్లో కొత్తింటి భోజనానికి ఎంతమంది వస్తారో హైదరాబాదు ఫ్లాట్‌లో పెరిగిన మనిషికేం తెలుసు?

డెబ్భై మంది వచ్చారు. అన్నం తిన్నవాళ్లు లేవలేదు. ఆ చలవ వదిలి కొలిమిలోకి ఎవరెళ్తారు? గోడలు నిమురుతూ, కప్పు చూస్తూ, ఇన్నయ్య అదృష్టానికి మురిసిపోతూ అక్కడే చతికిలపడ్డారు.

గోడకు తగిలించిన మీటర్ ముప్పై చూపింది. చూస్తుండగానే ముప్పై నాలుగైంది.

"బయట వేడి లోపలికొస్తాంది! తలుపులెయ్యండి!" అని ఎవరో అరిచారు. రెంటచింతలలో పుట్టినవాళ్లకు ఎండ నేర్పిన మొదటి పాఠం అది. తలుపులు మూశారు. సందుల్లో తడి గుడ్డలు కుక్కారు. ఒకావిడ నేలంతా నీళ్లు చల్లింది. గాలి ఇడ్లీ పాత్రలోలా తయారైంది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ఆ ఆవిరిలో ఎవరికీ చెమట ఆరడం లేదు. కుర్చీలో ఇన్నయ్య తల పక్కకు వాలింది.

ఆరోగ్యమ్మ కేక విని, వాకిట్లో మెషీన్ చూస్తున్న హైమవతి లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఒక్క క్షణం ఆమెకూ అర్థం కాలేదు. మీటర్ చూశాక అర్థమైంది. గోడలు ఎంత గొప్పవంటే, లోపలి వేడిని కూడా బయటికి పోనివ్వడం లేదు!

"అందరూ బయటికి నడవండి!"

"నీకేమన్నా పిచ్చా? మనిషి పడిపోతే వదిలేసి పోతామా?" అన్నాడు ఇన్నయ్య తమ్ముడు శౌరయ్య.

"ఈ వేడి ఎండది కాదు, మీది! మీరు దగ్గరుంటే ఆయన పోతాడు!"

ఆరోగ్యమ్మే ముందు లేచి తలుపు తెరిచింది. డెబ్భై మందీ ఎండలోకి నడిచారు. హైమవతి ఒక్కతే ఉండి, తలుపు మూసి, తడిగుడ్డతో ఆయన ఒళ్లు తుడిచింది. అరగంటకు మీటర్ ముప్పైకి దిగింది. ఇన్నయ్య కళ్లు తెరిచి, "భోజనాలయ్యాయా?" అన్నాడు. హైమవతి ఏడ్చేసింది.

మరుసటి నెల ప్రభుత్వం నాలుగు వందల ఇళ్లకు ఏరోజెల్ మంజూరు చేసింది. ఆ శుభవార్త మోసుకుని హైమవతి మిట్టమధ్యాహ్నం ఆ ఇంటికి వచ్చి తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు. ఫోన్ మోగింది.

"డాక్టరమ్మా, నేను ఇన్నయ్యని. ఒళ్లు దివ్యంగా ఉంది. నీ మేలు చచ్చినా మర్చిపోను. కానీ లోపల ఆరుగురం ఉన్నాం, ఏడో మనిషి వస్తే ఆ డబ్బా చాలదు. నాతో ఎవరన్నా నాలుగు మాటలు మాట్లాడాలంటే ఇంట్లోవాళ్లని ఒకర్ని ఎండలోకి పంపాల్సొస్తాంది. తమ్ముడు రావడమే మానేశాడు."

హైమవతి ఏదో చెప్పబోయేలోగా తలుపు కొద్దిగా తెరుచుకుంది. గొడుగు పట్టుకుని ఆరోగ్యమ్మ బయటికొచ్చింది.

"పో తల్లీ, నా చోటు నీకిచ్చా. ఎవరూ రాక ఆయన దిగులు పెట్టుకున్నాడు. కాసేపు కూర్చుని మాట్లాడు."

హైమవతి వద్దనేలోపే ఆమెను లోపలికి తోసి తలుపు మూసింది. తర్వాత కాలుతున్న మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది.