బసీలియో వసారాలో నిప్పుకణం

పొగాకు పండే మా ఊరు సాన్ హువాన్‌లో చీకటి పడిందంటే ఆ సందు ఎవరూ తొక్కేవారు కాదు. సందు చివర బసీలియో ఇల్లు. మనిషి పోయాక తాళం పడ్డ ఇల్లు.

కరెంటు పోయిన సాయంత్రాల్లో ఆ వసారాలో ఒక నిప్పుకణం కనిపించేది. కాస్త ఎర్రబడి... మసకబారి... మళ్లీ ఎర్రబడేది. దాని వెనకే వాసన. ఏళ్ల తరబడి మాగిన పొగాకు వాసన. ఏ సరుకూ దొరకని ఈ కరువులో ఎవరింట్లో ఉంది అలాంటి చుట్ట?

"బసీలియోదే" అనేవారు.

ఆయన తన పొలంలో పండిన పొగాకులోంచే మంచివి ఏరుకుని, వేలెడంత చిన్న చుట్టలు చుట్టి దేవదారు పెట్టెలో దాచుకున్నాడు. అవి మాగేలోపు ఆయనే పోయాడు. ప్రాణం పెట్టె దగ్గరే కొట్టుకుంటోంది పాపం అని మా వీధి ఆడవాళ్లు కొవ్వొత్తులు వెలిగించారు. చర్చిలో ఆత్మశాంతికి పూజ చేయించారు. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య ఎర్మీనియా పూజ అయ్యేదాకా తల ఎత్తలేదు. దుఃఖం అనుకున్నాం.

తర్వాత జరిగింది ఆమె అల్లుడు ఎవెలియో నోట విన్నాను.

ఎర్మీనియా కూతురు నీవెస్ దగ్గరే ఉండేది. ఒకటే గది. నీవెస్‌కి నెలలు నిండుతున్నాయి. పురుడొస్తే ఉయ్యాల వేసే చోటు కూడా లేదు.

"మీ నాన్న ఇల్లు ఉందిగా, పోదాం" అన్నాడు ఎవెలియో.

"నేను రాను. ఉన్నన్నాళ్లూ నాన్నంటే భయం లేదు. ఇప్పుడుంది."

పక్కనే నల్ల చిక్కుళ్లు ఏరుతున్న ఎర్మీనియా చేట పక్కన పెట్టింది. చర్చిలో జపమాల ప్రార్థనకి వేళైందంటూ లేచి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది. ఎవెలియో అరుగు మీదికొచ్చాడు. ఎదురింటి హెనారో అక్కడే ఉన్నాడు.

"మామగారు మళ్లీ వెలిగించాడట. కడుపుతో ఉన్న పిల్లని ఒక్క గదిలో కుక్కి నువ్విక్కడ విసురుకుంటూ కూర్చో. బాగుంది నీ మగతనం."

ఎవెలియోకి పౌరుషం వచ్చింది. బయల్దేరాడు. హెనారో, ఇంకో నలుగురూ వెనకే వచ్చి గేటు దగ్గర ఆగిపోయారు.

వాసన ముందే తగిలింది... పాత చెక్క వాసన, కాచిన తేనె వాసన.

వసారాలో ఊగుడు కుర్చీ కిర్రుమంటోంది. నిప్పుకణం ఎర్రబడింది. ఎవెలియో మెట్ల దగ్గరే ఆగాడు.

"మామయ్యా... ఏం కావాలి మీకు?"

కుర్చీ ఆగింది.

"నీవెస్‌కి బిడ్డ పుట్టబోతోంది. ఈ ఇల్లు... మాకు వదిలెయ్యండి."

నిప్పుకణం వణికింది. తర్వాత— ఏడుపు. సన్నగా, అణుచుకున్న ఏడుపు.

"గట్టిగా మాట్లాడకు నాయనా... వాళ్లు వింటారు."

ఆడగొంతు. అత్తగారి గొంతు.

ఎవెలియో మెట్లెక్కి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీవెస్‌కి ఊపిరితిత్తులకి జబ్బు చేసినప్పుడు రోగుల్ని కాచే సాన్ లాజరోకి మొక్కుకున్నాను" అంది ఎర్మీనియా. "పిల్ల బతికితే జన్మలో చుట్ట ముట్టనని. బతికింది. ముట్టలేదు. ఆయన పోయాక ఈ పెట్టె చేతికొచ్చింది. వాసన చూసి మూసేద్దామనుకున్నా..."

"అత్తయ్యా, పూజ చేయించినప్పుడైనా చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? మొక్కు ఎగ్గొట్టిందని ఊరంతా నన్నే వేలెత్తి చూపిస్తారు." కళ్లు తుడుచుకుంది. "ఘాటంతా చచ్చిపోయింది ఎవెలియో. తీపి మిగిలింది. మాగితే ఇలాగే ఉంటుందని ఆయన అన్నట్టే అయింది. ఒక్క దమ్ము లాగితే పక్కనే కూర్చున్నట్టుంటుంది... రేపు మానేస్తానని రోజూ అనుకుంటా."

గేటు దగ్గర్నుంచి హెనారో పిలిచాడు. "ఉన్నావా, పోయావా?"

ఎవెలియో అత్తగారి చేతిలో చుట్ట తీసుకుని, నోట పెట్టుకుని, దగ్గుకుంటూ మెట్లు దిగాడు.

"నేనే. ఇన్నాళ్లూ నేనే."

అందరూ తిట్లు మొదలెట్టారు. దొంగతనంగా తాగి సచ్చినోడి మీదికి నెట్టాడన్నారు. ఒకావిడ తన కొవ్వొత్తులు తనకిచ్చెయ్యమంది. ఈలోగా నీవెస్ లాంతరు పట్టుకుని వచ్చింది. మొగుడి నోట్లో చుట్టని చూసింది.

"నువ్వా?" అంది. అంతే.

హెనారో ఎన్నన్నా పడ్డాను కానీ, ఆ ఒక్క మాటకి భూమిలోకి కుంగిపోయాను అని ఎవెలియో నాతో అన్నాడు.

అప్పుడు వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

"వాడు కాదు. వాడికి పొగ పీల్చడమే రాదు" అంది ఎర్మీనియా. పెట్టె గుండెకి పట్టుకుని వెలుగులోకొచ్చింది. "నేను. మొక్కు తప్పాను. సచ్చిన మనిషిని దెయ్యాన్ని చేశాను. నా కూతురికి నిలవనీడ లేకుండా చేశాను."

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే నేల చూపులు చూస్తూ జారుకున్నారు.

నీవెస్ లాంతరు కింద పెట్టి తల్లి దగ్గరికి వచ్చింది.

"నీ ఎదుట ఎవరైనా చుట్ట వెలిగిస్తే నా కోసం మానేసిన నువ్వు మొహం తిప్పుకునేదానివి. అది చూసినప్పుడల్లా బతికినందుకు నాకే సిగ్గేసేదమ్మా."

మొగుడి చేతిలో చుట్ట తీసుకుని తల్లి వేళ్ల మధ్య పెట్టింది.

ఇప్పుడు అందరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దుగూకాక, చంటిదాన్ని లోపల పడుకోబెట్టాక, ఎర్మీనియా వసారా చివరికి కుర్చీ జరుపుకుని ఒకటి వెలిగిస్తుంది. కళ్లు మూసుకుని మెల్లగా ఒక దమ్ము లాగుతుంది. వెంటనే ఉలిక్కిపడి, లోపల నీవెస్ ఉన్న కిటికీ వైపు తిరుగుతుంది.

"ఊపిరి బాగానే ఆడుతోందా, తల్లీ?"

"ఆడుతోందమ్మా. కానియ్యి."

రెండో దమ్ముకీ అదే అడుగుతుంది.