వెనుక చక్రం ఎత్తే దెయ్యం

సచిన్ అనే మిల్లుల పేటలోని సాంచెల నుంచి మా గల్లీకి వచ్చే తోవలో ఒక బ్రిడ్జి ఉంది. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ బ్రిడ్జిని మాత్రం ఏమీ అనం. చీకటి పడితే దాని ఊసే ఎత్తం.

ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు. దిగుడు సగం దాటాక… "ఠక్" మని ఒక చప్పుడు. ఆ వెంటనే సైకిలు వెనుక చక్రం ఎవరో ఎత్తేస్తారు. మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి, మూతి ముందుగా రోడ్డు మీద వాలతాడు.

ఇది నా మాట కాదు. మా గల్లీ మొండయ్య మాట. కరోనాతో బస్సులు తగ్గి, మగవాళ్లంతా పాత సైకిళ్లు బయటికి తీశాక మొదట ఎగిరింది ఆయనే. ముందరి పళ్లు అక్కడే వదిలి వచ్చాడు. మాస్కు పుణ్యాన భార్యకు కూడా తెలియనివ్వలేదంటాడు. ఆమెకు ఆ రోజే తెలిసిందట. ఇంట్లో మాటలు తగ్గాయి కదా, పోనీలే అని ఊరుకుందట.

తర్వాత దశరథం ఎగిరాడు. గడ్డానికి కుట్లు. దెయ్యం చెయ్యి మంచులా చల్లగా ఉందన్నాడు. అది పట్టుకున్నది చక్రాన్నయితే చల్లదనం ఈయనకెలా తెలిసిందని నేను అడగలేదు. కుట్లు పడ్డ మనిషిని ఎక్కువ మాట్లాడించకూడదు.

వింత ఏమిటంటే, పాలవాడు రోజూ క్యాన్లతో అదే దిగుడు దిగుతాడు. ఆయన్ని అది ముట్టదు. దాని పగంతా సాంచె మనుషుల మీదే.

అందుకే మా గల్లీ కొమురవ్వ ఒక రోజు కొడుకును గుమ్మంలోనే అడ్డుకుంది. కొడుకు రవీంద్రకు మరునాడే పెళ్లిచూపులు. లాక్‌డౌన్‌లో చేతిదాకా వచ్చిన సంబంధాలు తప్పిపోగా మిగిలింది ఇదొక్కటే. సలాబత్‌పురా పిల్ల, పేరు హారతి, జాకెట్లు కుడుతుంది. ఆ పిల్ల ముందే ఫోనులో చెప్పేసింది:

"మాస్కు తీస్తనంటేనే రమ్మనుండ్రి. మూతికి గుడ్డ కట్టుకున్నోణ్ణి నేనేం చూసేది?"

అంటే రవీంద్ర మొహం తెల్లారేదాకా చెక్కుచెదరకుండా ఉండాలి.

"ఇయ్యాల పనికి పోకు కొడుకా."

"పోకుంటే సేఠు తీసేస్తడవ్వా. పని లేనోనికి పిల్లనెవరిస్తరు?"

పోయాడు.

ఆ సాయంత్రమే ఒక సాంచె మొరాయించింది. బయటపడేసరికి కర్ఫ్యూ వేళ దగ్గర పడింది. బ్రిడ్జి ఎక్కి ఆగాడు. ముందూ వెనుకా ఒక్క బండి లేదు. దీపాలు సగం వెలగడం లేదు. దిగి నడిపించుకుంటూ పోదామంటే ఆలస్యమవుతుంది, కింద పోలీసు లాఠీతో నిలబడి ఉన్నాడు. లాఠీ మొహం మీద పడదులే అని మొదట అనుకున్నాడట. కానీ మర్నాడు కూర్చోవాలి కూడా.

ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద పెట్టాడు. కుడి చేత్తో ముక్కూ మూతీ కలిపి మూసుకున్నాడు. పడితే వేళ్లు విరుగుతాయి, పళ్లు మిగులుతాయి. పెళ్లికొడుకు బుర్ర ఆ వేళ అంతే పనిచేస్తుంది.

దిగుతున్నాడు… సైకిలు వేగం అందుకుంది… చెవుల్లో గాలి… ఎడమ బ్రేకు మెల్లగా పట్టి వదులుతూ… సగం దాటాడు…

"ఠక్."

అంతే — ఐదు వేళ్లు! ముక్కు పట్టి పిండేశాయి. ఊపిరి ఆడలేదు. కళ్లలో నీళ్లు చిమ్మాయి. అరుద్దామంటే నోరు తెరుచుకోలేదు.

కానీ… వెనుక చక్రం లేవలేదు.

సైకిలు బుద్ధిగా కిందికి దిగి పోలీసు ముందు ఆగింది. పోలీసు టార్చి వేసి ఆ మొహం చూశాడు. మన పని ఎవరో ముందే చేశారనుకున్నాడేమో, లాఠీ దించేశాడు.

"జావ్ భాయ్, ఘరే జావ్," అని ఇంటికి పంపేశాడు.

తెల్లారేసరికి ముక్కు వంకాయంత అయింది. రెండు వైపులా వేళ్ల అచ్చులు. గల్లీ అంతా మాస్కులు గడ్డం కిందికి లాక్కుని వచ్చి చూసింది.

"చక్రం ఇడిచిపెట్టి ముక్కు పట్టింది," అన్నాడు మొండయ్య. "దానికి తెలివి పెరుగుతుంది."

అయినా పెళ్లిచూపులకు వెళ్లాం. పెద్దమనుషులుగా మొండయ్య, దశరథం. ఎవరూ పిలవకుండా నేను. రవీంద్ర మాస్కు తీశాడు. హారతి తండ్రి నరహరి, ఆయనా సాంచె మనిషే, గోడ వైపు చూశాడు. కొమురవ్వ కళ్లు మూసుకుంది.

"ఎవరు కొట్టిండ్రు?" అంది హారతి.

"ఎవరు కొట్టలే," అని రవీంద్ర గొంతు తగ్గించాడు. "బ్రిడ్జి మీద… అది పట్టింది."

హారతి దగ్గరికొచ్చి అచ్చులు చూసింది. "బండి ఏ చేత్తో పట్టిండ్రు?"

"ఎడమ."

"కుడి చెయ్యి?"

"ముక్కు మీద."

"మళ్ల అట్లనే పెట్టుండ్రి, చూస్తా."

పెట్టాడు. బొటనవేలు అచ్చులో బొటనవేలు. మిగతా అచ్చుల్లో మిగతా వేళ్లు. కుట్టించినట్టు సరిపోయాయి.

దశరథం వంగి మరీ చూశాడు.

"నా ముక్కు నేనెందుకు పిసుక్కుంట?" అన్నాడు రవీంద్ర, అరచేతిలోంచి.

హారతి అందరికీ కాగితం కప్పుల్లో చాయ్ ఇచ్చింది. ఖాళీ పళ్లెం ఎత్తి… అంచుతో నేలకు కొట్టింది.

"ఠక్!"

రవీంద్ర చెయ్యి ముక్కును మళ్లీ పిండేసింది. మొండయ్య కప్పు నలిగి చాయ్ ఒళ్లో పడింది. దశరథం చాయ్ కూడా. నరహరి పిడికిలి గాల్లో దేన్నో గుంజింది. కొమురవ్వ నా మోచెయ్యి పట్టి లాగింది. నా చెయ్యి ఏం చేసిందో ఇక్కడ అవసరం లేదు.

"పోగుల నడుమ ఉరికే నాడె సాంచెల ఇరికితే గిదే చప్పుడు," అంది హారతి. "కుడి దిక్కు పిడి గుంజి ఆపకుంటే పోగులన్నీ తెగుతయి. బ్రిడ్జి మీద ఇనుప పట్టీ దాటితే గూడ గిదే చప్పుడు. మీ చేతులు సాంచె ఆపుతున్నయి. కానీ అక్కడ కుడి చేతుల ఉన్నది ముందు చక్రం బ్రేకు. దిగుడుల దాన్ని ఒక్కసారే గుంజితే ఎనుక చక్రం లేవదా? ఈయన చేతికి బ్రేకుకు బదులు ముక్కు దొరికింది. రెండు బ్రేకులు జర జర పట్టాలె, బరువు ఎనుకకు ఏసి కూసోవాలె. గుడ్డల మూట కట్టుకొని నేను ఆ బ్రిడ్జి దిగుతలేనా?"

మొండయ్య ఒళ్లోని చాయ్ తుడుచుకోవడం మరిచిపోయాడు. "అంటే… నన్ను ఎత్తేసింది నా చెయ్యేనా?" అన్నాడు. దెయ్యం పోయినందుకు అంత దిగులు పడిన మనిషిని నేను చూడలేదు.

"మరి సంబంధం, బిడ్డా?" అంది కొమురవ్వ.

హారతి ఆ ముక్కును ఇంకోసారి చూసింది.

"వాపే కదా, దిగుతది. ఖాయం చేసుకోండ్రి." రవీంద్ర వైపు తిరిగింది. "కానీ బండి నేనే తొక్కుత. మీరు ఎనుక క్యారియర్ మీద కూసోండ్రి."

రవీంద్ర సరేనని తలూపాడు. చెయ్యి మాత్రం ఇంకా ముక్కు మీంచి తియ్యలేదు.