ఒక డిగ్రీ చలి

"పది గంటలకి యుద్ధ మండలి మీటింగ్. అక్కడ వేసే స్లైడ్ నకిలీది. ఇదిగో అసలుది, మార్చెయ్," అన్నాడు చీఫ్, టీలో బిస్కెట్ ముంచుతూ.

"ఏముంది సార్ ఇందులో?" అన్నాడు పిల్లి. అడుగుల చప్పుడు వినపడదని ఆ ఏజెంట్‌కి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"మీ అక్క లెక్క."

పిల్లి అక్క వాతావరణ శాస్త్రవేత్త. శత్రు నగరాల మీద అణుబాంబులు వేస్తే లేచే మసి సూర్యుణ్ణి కప్పేస్తుంది. అప్పుడు మనకెంత చలి? ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి ఆవిడ తేల్చింది: ఒక డిగ్రీ కావచ్చు, పది కావచ్చు. మసి ఎంత లేస్తుందో, ఎన్నాళ్ళు ఉంటుందో ఊళ్ళు తగలబెడితే తప్ప తెలియదు. శత్రువుల ముఠా స్లైడ్‌లో ఆ ఒకటిని చెరిపేసి, మసిపూసి మారేడుకాయ చేసింది. పది డిగ్రీలంటే గింజ పండదు. మనవాళ్ళు హడలిపోయి బాంబు జోలికే పోరు.

ఎలక్ట్రీషియన్ వేషంలో పిల్లి ప్రొజెక్టర్ గదిలో దూరాడు. అక్కడ మండలి దుబాసి మేడమ్ నిలబడి ఉంది. రెండు దేశాలకూ గూఢచారి. నల్ల గౌను, చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన విషపు సూది.

"కదిలావో చస్తావ్! అసలుది చూపిస్తే మీవాళ్ళు బాంబు వేస్తారు. తెలుసా?"

"అబద్ధం చూపించమంటావా?"

"అబద్ధమని మీ అక్కే చెప్పలేదు కదయ్యా!"

పిల్లికి ఒళ్ళు మండింది. అక్క ఇన్నేళ్ళ కష్టాన్ని ఎవత్తో దిద్దడమా? ఆమె మణికట్టు విరిచిపట్టి, తెర వెలిగే చివరి క్షణంలో స్లైడ్ మార్చాడు.

లెక్క వివరించడానికి మండలి ముందు నిలబడ్డ అక్క మొహం తెర చూసి పాలిపోయింది. "ఒకటి నుంచి పది... కచ్చితంగా తెలియదండీ," అంది.

"ఒకటే కావచ్చన్నమాట!" అన్నాడు జనరల్.

"పది కూడా కావచ్చండీ!"

"అది తేలాక చూద్దాం లెండి. ఒక డిగ్రీకి స్వెట్టర్ చాలదూ?"

అందరూ నవ్వారు. జనరల్ ఎర్ర ఫోన్ అందుకున్నాడు.

అక్క కారిడార్లో పిల్లి చొక్కా పట్టుకుంది. "ఎంత పని చేశావురా తమ్ముడూ! అది నకిలీదని పొద్దున్నే కనిపెట్టాను. మనసు చంపుకుని ఊరుకున్నాను. జన్మలో మొదటిసారి!"

పిల్లికి ఏడుపొచ్చింది.

"శభాష్! కుట్ర భగ్నం!" చీఫ్ వచ్చి వీపు తట్టాడు. "నీకు పతకం ఖాయం."

"పతకం ఎందుకు సార్," అన్నాడు పిల్లి, "ఓ స్వెట్టర్ ఇప్పించండి."